రవివర్మ లక్ష్మి, మూడున్నర వేల చుక్కలు

మద్రాసులో పాత బొమ్మలు కొనే ఆలోచన ఉంటే ముందు జేబులో భూతద్దం పెట్టుకోండి. నా దగ్గర ఉండి కూడా వాడలేదు, అదీ బాధ.

నేను, మా ఆవిడ, బామ్మర్ది విజయవాడ నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. ఎగ్మూరులో 1,800 రూపాయల గది, ఫర్వాలేదు. మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూశాం. "మన పక్కూరి రాళ్లు చూడ్డానికి ఇంత దూరమా బావా" అని బామ్మర్ది సణిగాడు.

రెండో రోజు రంగుల కొట్టు. కాడ్మియం రెడ్, 5 మి.లీ. ట్యూబు, 780 రూపాయలు. పేరు పక్కన 'హ్యూ' అని ఉంటే అందులో కాడ్మియం ఉండదు, ఆ రంగుకి దగ్గరగా వేరేది కలుపుతారు. ట్యూబు మీద పీఆర్ 108 అని, అంటే అసలు కాడ్మియం ఎరుపు నంబరు, ఉందో లేదో చూసుకోవాలి. ఆ అక్షరాలు చీమతలకాయంత ఉంటాయి కాబట్టే నా దగ్గర భూతద్దం.

అక్కణ్ణుంచి ఒక సందులో పాత సామాన్ల కొట్టుకి వెళ్లాం. మా మాటలు వినగానే కొట్టాయన తెలుగులోకి దిగిపోయాడు. "మనోళ్లే కదా, మీకు అబద్ధం చెప్తానా?" టేకు ఫ్రేములో లక్ష్మీదేవి. రవివర్మ ప్రెస్సులో అచ్చయిందట, నూరేళ్లు దాటిందట. ఆరువేలన్నాడు, మూడున్నరకి ఇచ్చాడు. బేరం గెలిచానని పొంగిపోయి బిల్లు అడగలేదు.

రాత్రి గదిలో ట్యూబు మీది నంబరు చూస్తూ, అదే అద్దం లక్ష్మి చీర మీద పెట్టాను. వరసగా, లెక్కపెట్టినట్టు రంగు చుక్కలు! 1894లో బొంబాయిలో మొదలైన ఆ ప్రెస్సులో రాళ్ల మీంచి అచ్చు వేసేవారు, ఒక్కో రంగుకి ఒక్కో రాయి. ఆ అచ్చులో రంగు రేణువులు ఇసుక చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఇది మొన్నమొన్నటి ఆఫ్‌సెట్టు, చుక్కలు వరసగా పడే మెషీను అచ్చు.

పొద్దున్నే వెళితే నిన్నటి తెలుగాయనకి తమిళం తప్ప రాలేదు. "బిల్ ఎంగే?" (బిల్లేది?) అని ఒకటే మాట. మా ఆవిడ ఆటో ఎక్కాక కూడా నాతో మాట్లాడలేదు.

ఆ ఆటో 650 తీసుకుని ఈసీఆర్ (సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద చోళమండలంలో దింపింది. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ గారు, శిష్యులు పెట్టుకున్న చిత్రకారుల ఊరు. బాతిక్ (మైనం పూసి రంగు అద్దే) బట్టలు చేసి అమ్ముకుని ఆ డబ్బుతో నిలదొక్కుకున్నారు. చెట్ల మధ్య ఇళ్లు, ఇంట్లోనే స్టూడియో, దగ్గర్లోనే సముద్రం. నా స్టూడియో మా బాల్కనీ, అందులో సగం వాషింగ్ మెషీన్‌ది. రెండు గంటలు కదల్లేదు నేను. మద్రాసు వెళితే మిగతావి మానేసినా ఇది మానకండి. "ఇక్కడే ఉండిపోండి, ఖర్చు తగ్గుతుంది" అంది మా ఆవిడ. ఆ రోజు ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

ఫ్రేము మాత్రం పాతదేనని మా వీధి వడ్రంగి చెప్పాడు. అందులో ఇప్పుడు నా నీటిరంగుల బొమ్మ ఉంది. లక్ష్మి పూజగదిలోకి వెళ్లింది, చుక్కలతో సహా.