కరెంటు పోయినప్పుడు తెలిసే ఆటలు

ఫలానా వీడియో గేమ్, అదే కంప్యూటర్ ఆట, బాగుందా అని ఎవరైనా అడిగితే బొమ్మల సంగతి, కథ సంగతి నేను చివర చెబుతాను. ముందు నాకు కావలసింది వేరే ఉంది. నేను లేవవలసి వస్తే ఈ ఆట లేవనిస్తుందా? తిరిగి వచ్చాక ఎక్కడ నిలబెడుతుంది? ఆసుపత్రిలో మారుతూ ఉండే నర్సు డ్యూటీలు, ఇంట్లో నాలుగేళ్ల పాప, విశాఖ పెదవాల్తేరులో వాన మొదలవగానే పోయే కరెంటు. వీటి మధ్య దొరికిన గంటలో ఆడుకునే మనిషిని నేను. తీరిక ఉన్నవాళ్లు ఈ తీర్పుల్లో సగం కొట్టేసుకోవచ్చు.

ఈ పట్టింపు వైస్ సిటీ అనే ఆట ఆడిన రోజుల్లోనే పట్టుకుంది. మా వీధి చివరి నెట్ సెంటర్‌కు తమ్ముడితో కలిసి వెళ్లేదాన్ని. గంటకు పదిహేను రూపాయలు. ఆ ఆటలో సేవ్ చేసుకోవాలంటే, అంటే ఆడినంతవరకు దాచుకోవాలంటే, మన హోటల్‌కో ఇంటికో వెళ్లి అక్కడ గాలిలో తిరుగుతున్న క్యాసెట్‌ను తాకాలి. తాకగానే ఆటలో గడియారం 6 గంటలు ముందుకు దూకుతుంది. అంతవరకు బాగానే ఉంది. సేవ్ చేసుకునే గళ్లు మాత్రం 8. మా వీధి పిల్లలు అంతకు రెట్టింపు. గడి మీద మన పేరు ఉండదు, చివరగా పూర్తిచేసిన మిషన్ (ఆట అప్పగించే పని) పేరు ఉంటుంది. బొమ్మ హెలికాప్టర్‌తో కడుతున్న భవనంలో నాలుగు బాంబులు పెట్టే మిషన్ దగ్గర వీధి వీధంతా ఆగిపోయింది కనుక అన్ని గళ్ల మీదా ఇంచుమించు ఒకే పేరు కనిపించేది. మా తమ్ముడు వారం రోజులు, ఇంట్లో కూరగాయలకు ఇచ్చిన డబ్బులోంచి మిగిల్చిన చిల్లర పెట్టి, ఆ హెలికాప్టర్‌ను దాటాడు. మర్నాడు వెళ్తే ఎవరో మహానుభావుడు వాడి గడిలోనే ఎక్కి, వాడు దాచుకున్న డబ్బంతా తుపాకులకు తగలేసి, మళ్లీ దాని మీదే సేవ్ చేసి వెళ్లాడు. సెంటర్ యజమానిని అడిగితే, "దాటించాడు కదా అని అందరూ వాడుకుంటున్నారమ్మా" అన్నాడు. వైస్ సిటీ గొప్ప ఆటే. పాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. నేను మాత్రం మళ్లీ ముట్టలేదు.

హుద్‌హుద్ తుఫాను గురించి విశాఖలో ఎవరికీ చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12 తర్వాత మా వీధిలో ఫ్యాను తిరగడానికి తొమ్మిది రోజులు పట్టింది. అప్పటినుంచి లైటు ఒక్కసారి మినుకుమంటే చాలు, నా ఎడమ చేతి వేలు దానంతటదే సేవ్ మీట మీదకు వెళ్తుంది. అందుకే సేవ్ మీట లేని ఆటలంటే అనుమానం.

ఆ అనుమానాన్ని నిజం చేసింది కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్. 1403 నాటి ఐరోపాలోని బొహీమియా, కత్తి పట్టడం కూడా రాని కమ్మరి కొడుకు, చదవడం సైతం నేర్చుకోవలసిందే. ఇలాంటి ఆట నాకోసమే తయారైంది అనుకున్నాను. ఇద్దరు స్నేహితురాళ్ల చేత కొనిపించాను కూడా. ఇందులో కావలసినప్పుడు సేవ్ చేయాలంటే ఒక సారా సీసా తాగాలి. ఆ సారాను కొనుక్కోవాలి, లేదా దురదగొండి లాంటి ఒక ఆకును, ఒక విషపు మొక్కను ఏరుకొచ్చి మనమే కాచుకోవాలి. సీసా లేకపోతే మన మంచం మీద నిద్రపోవాలి. మొదటి పది గంటలు ఇది ముచ్చటగానే ఉంది. పదకొండో గంట తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, పాప అమ్మమ్మ ఇంట్లో ఉండగా, మూడు గంటలు ఏకబిగిన ఆడాను. సీసా ఖరీదని దాచుకున్నాను, ఎలాగూ ఊరికి వెళ్లి పడుకుంటాను కదా అని. ఊరి పొలిమేరలో గుర్రం దిగుతుండగా కరెంటు పోయింది. ఆట మూసేటప్పుడు సేవ్ అయ్యే ఏర్పాటును తయారీదారులు తర్వాత చేర్చారు, కాదనను. కరెంటు మాత్రం ఆట మూసి వెళ్లదు. ఆ స్నేహితురాళ్లలో ఒకామె ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఆమెకు ఆట ఎంతో నచ్చింది. రెండో ఆమె నాతో ఆ విషయం ఎత్తడం లేదు.

స్టార్‌డ్యూ వ్యాలీ. ఒక్కరే కూర్చుని తయారుచేసిన ఆట అంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. పొలం, కోళ్లు, చేపలు. ఆటలో ఒక రోజు మన గడియారంలో దాదాపు 14 నిమిషాలు, పడుకుంటే సేవ్. కరెంటు పోతే పోయేది మహా అయితే ఆ పావుగంట. దీన్ని మా తోటి సిస్టర్లకు తెగ పొగిడాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెప్పాలి. పడుకోగానే సేవ్ అవుతుంది, వెంటనే తెల్లవారుతుంది, నాటిన ముల్లంగి పండి ఉంటుంది. ఆపవలసిన చోటే మొదలుపెట్టాలనిపించే చోటు కూడా కావడంతో నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకోవలసిన నేను ఆటలోని మనిషిని పడుకోబెడుతూ కూర్చున్న ఉదయాలు ఉన్నాయి.

సెలెస్టే: ఒక్కో తెర ఒక్కో మజిలీ. చస్తే అదే తెర మొదట్లో మళ్లీ లేస్తాం, నష్టం కొన్ని క్షణాలు. ఆట కొండెక్కడమే, అయినా సింహాచలం మెట్ల మీద కంటే ఎక్కువ ఆయాసం వచ్చింది. పాప ఒడిలో నిద్రపోతుండగా ఆడదగ్గ ఆట, పళ్లు కొరకకుండా ఉండగలిగితే. ఏలియన్: ఐసోలేషన్ మాత్రం నావల్ల కాలేదు. గోడకున్న యంత్రంలో కార్డు పెట్టి, అది మూడుసార్లు కూసే దాకా నిలబడాలి, ఈలోగా వెనకనుంచి ఆ జంతువు రావచ్చు. ఐసీయూలో రాత్రంతా కూతలు విని ఇంటికొచ్చిన మనిషికి ఇదా కాలక్షేపం? హాలో నైట్‌లో బెంచీ మీద కూర్చుంటేనే పటం నిండుతుంది. ఎక్కడ ఆపినా తిరిగి చివరి బెంచీ దగ్గరే లేపుతుంది కానీ సంపాదించిన వస్తువులు ఎక్కడికీ పోవు. న్యాయమైన ఆట. దారి మరిచిపోతాను, అది నా లోపం. పుణెవాళ్లు 2020లో తెచ్చిన రాజి చూడడానికి అందంగా ఉంది. దుర్గ, విష్ణువు కథ చెబుతుంటే ముచ్చటేసింది. మనం ఊపందుకునేసరికి అయిపోతుంది. ఫోనులో అందరూ ఆడే ఆ కాల్పుల పందేల జోలికి నేను వెళ్లను, మధ్యలో పాప లేస్తే ఆపే దారి లేదు.

ఇక ఎల్డెన్ రింగ్. దీన్ని కొనకుండా రెండేళ్లు తప్పించుకున్నాను. కాఠిన్యానికి పేరుమోసిన ఆట, సేవ్ మీట లేదు, చనిపోతే చేతిలో ఉన్న రూన్లన్నీ, అంటే ఆ ఆటలోని పైకమంతా, అక్కడే రాలిపోతాయి, తీసుకునేలోపు మళ్లీ చస్తే శాశ్వతంగా పోతాయి. నా లెక్కలన్నిటికీ విరుద్ధం. తమ్ముడు పుట్టినరోజు కానుకగా పంపాడు కాబట్టి తెరిచాను.

మొదటి పెద్ద కోట ముందు వంతెన మీద మార్గిట్ అనే ముసలి రాక్షసుడు ఉంటాడు. వాడి దగ్గర పదకొండు రాత్రులు చచ్చాను. కర్ర ఎత్తి ఆపుతాడు, మనం దొర్లిపోయాక తాపీగా దించుతాడు. పన్నెండో రాత్రి వాన. పాప పడుకుంది, మా ఆయన పక్క గదిలో క్రికెట్ చూస్తున్నారు. ఆటలో ప్రాణం నింపే మందు సీసాలు అయిపోయాయి, నా ప్రాణం వెంట్రుకవాసి మిగిలింది. చివరి దెబ్బ వేశాను. వాడు పొగలా చెదిరిపోతూ ఏదో అంటున్నాడు, తెర మధ్యలో బంగారు రంగు అక్షరాలు వెలుగుతున్నాయి, అంతలో యూపీఎస్ కీచుమంది. దాని బ్యాటరీ తీగల చివర్లు సముద్రపు గాలికి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయని నాకు తెలుసు, మార్పించాలని ఆరు నెలలుగా అనుకుంటున్నాను. రెండో కీచుకు తెర నల్లబడింది.

చీకట్లో అలాగే కూర్చున్నాను. "ఏమైంది?" అన్నారు మా ఆయన టార్చి వేసుకుని వచ్చి.

"వాణ్ణి చంపేశానండీ. చంపగానే కరెంటు పోయింది."

"అయితే చచ్చినట్టా, కానట్టా?"

అదే కదా తెలియాల్సింది. కరెంటు రాత్రంతా రాలేదు. ఉదయం డ్యూటీకి వెళ్లాను. సెలైన్ మారుస్తూ, బీపీ రాస్తూ, మధ్యాహ్నం రెండింటి దాకా ఇదే ఆలోచన. మళ్లీ పదకొండు రాత్రులు నావల్ల కాదు, వాడు బతికి ఉంటే ఆటను తీసేయాలి అని ఆటోలో తీర్మానించుకున్నాను కూడా.

ఇంటికొచ్చి ఆట తెరిచాను. కిందటిసారి ఆటను సరిగ్గా మూయలేదు, ఇకనుంచి మెనూలోంచి మూయండి అని మొదట ఒక మందలింపు. బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లను నిలబెట్టినట్టు. నేనే ప్లగ్గు పీకినట్టు! తర్వాత తెర తెరుచుకుంది. వంతెన ఖాళీ. నా మనిషి ఆ చివరి దెబ్బ వేసిన చోట, ముఖం అటువైపే పెట్టుకుని నిలబడి ఉంది. పైకం చూస్తే 12,000 రూన్లు చేరాయి. సంచిలో వాడి తాయెత్తు సంచి ఉంది. ఎవరూ లేని ఇంట్లో గట్టిగా నవ్వాను. అడుగడుగునా మనల్ని చంపే ఆట ఆ మధ్యలోనే అడుగడుగూ రాసి పెట్టుకుంటోంది, మనకు చెప్పకుండా.

ఆ వారమంతా కనిపించినవాళ్లందరికీ ఈ కథ చెప్పాను. తర్వాత తెలిసినవి కూడా చెప్పాలి. ఈ ఆటకు ఆపే మీట లేదు. పాప "అమ్మా" అంటే గొర్రెల మంద మధ్యనో గుబురులోనో దాక్కుని పరుగెత్తాలి, లేదా ఆట మొత్తం మూయాలి. పది పాత్రల వరకు పెట్టుకోవచ్చు కానీ అన్నిటికీ ఉన్నది ఒకే ఫైలు. ఆగస్టులో మరోసారి కరెంటు పోయినప్పుడు ఆ ఫైలు పాడైందని ఆట చేతులెత్తేసింది. పెన్ డ్రైవ్‌లో వారం కిందటి నకలు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఈ పేరాలు వేరేలా ఉండేవి. ఇప్పుడు ప్రతి ఆదివారం నకలు తీస్తున్నాను. యూపీఎస్ బ్యాటరీ కూడా మార్పించాను, 20 నిమిషాలు నిలుస్తోంది, ఈ లోపు మూసుకోవచ్చు.

ఎల్డెన్ రింగ్ కొనమంటానా? ఇంట్లో చంటిపిల్లలు లేకపోతే, ఓడిపోవడం మీద కోపం రాకపోతే. స్టార్‌డ్యూ కొనమంటాను, నైట్ డ్యూటీలు లేనివాళ్లను. కింగ్‌డమ్ కమ్‌ను ఇంకా కంప్యూటర్‌లోంచి తీసేయలేదు. ఆ గదికి ఇన్వర్టర్ లైను లాగిద్దామని మా ఆయన అంటున్నారు. లాగాక, పాప బడి వేళలు మారకపోతే, ఆ పొలిమేర దగ్గరికి మరోసారి వెళ్లి చూస్తాను. ఈసారి సీసా తాగేస్తాను.