బొంత కోటు ఉతికించిన కథ: మా కాయిన్ లాండ్రీకి 4 స్టార్లు, ఐదోది ఎందుకు కోశానంటే

ముందే చెప్పేస్తున్నా, చీరలు దుప్పట్లు బాగా ఉతుకుతారా లేదా అని చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. నాణేలేసి మనమే మెషిన్ తిప్పుకునే ఆ లాండ్రీకి నేను మోసుకెళ్ళింది గాంబిసన్. పాతకాలం యూరప్‌లో సైనికులు ఇనప గొలుసు చొక్కా కింద వేసుకున్న మందపాటి దూది కోటు అన్నమాట, గొలుసు చొక్కా కొనే స్తోమత లేనివాళ్ళకైతే అదొక్కటే కవచం. 1181లో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ ఆయుధాల మీద ఒక చట్టం తెస్తే అందులో స్వతంత్రులైన మామూలు జనం దగ్గర కూడా ఒక దూది కోటు, ఒక ఇనప టోపీ, ఒక ఈటె ఉండి తీరాలని రాశారు. అంటే పేదోడి కవచం. దీనికే ఇంకో పేరు ఆక్టన్, అది అరబ్బీలో దూదిని అనే అల్ కుత్న్ నుంచి వచ్చింది. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే చేతులు తగిలించిన బొంత, అంతే.

మేం ఉండేది డల్లాస్ దగ్గర. ఆదివారం ఆదివారం పార్కులో ఎస్‌సీఏ (సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రానిజం, పాతకాలం యూరప్ యుద్ధాల్ని సరదాగా మళ్ళీ ఆడే గుంపు) వాళ్ళతో కత్తియుద్ధం ప్రాక్టీసుకి వెళ్తా, 1966లో బర్క్‌లీలో ఎవరింటి పెరట్లోనో పార్టీగా మొదలైన గుంపు అది, ఇప్పుడు టెక్సస్‌లో చాలా భాగం, ఓక్లహోమా కలిపి మాకొక రాజ్యం, దానికి ఆన్‌స్టియోరా అని పేరు, కొట్టుకుని గెలిచినవాళ్ళే రాజు, నవ్వకండి. కత్తులు పేము కర్రలే గానీ దెబ్బ మాత్రం నిజం దెబ్బే. ఎండాకాలంలో 40 డిగ్రీల్లో నాలుగు కిలోల బొంత వేసుకుని, పైన గొలుసు చొక్కా తొడుక్కుని రెండు గంటలు ఎగిరితే ఆ కోటు పిండితే చెంబుడు చెమట వస్తుంది. అది తెచ్చి కారు డిక్కీలో పడేసి, సోమవారం ఆఫీసు, మంగళవారం ఆఫీసు, బుధవారం డిక్కీ తీస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. వీడియో కాల్‌లో అమ్మ చూసి "ఏమే, ఆ బొంత వేసుకుని ఎవరితో కొట్టుకుంటావే, ముందు దాన్ని ఎండలో వెయ్యి" అంది. అమ్మ మాట అప్పుడే వినుంటే దాదాపు వంద డాలర్లు మిగిలేవి.

మొదట డ్రైక్లీనింగ్‌కి ఇచ్చా. ఏ షాపో చెప్పను, 45 డాలర్లు తీసుకున్నారు. తెచ్చుకున్న రోజు సూపర్‌గా ఉంది, వేసుకున్న పది నిమిషాలకి పాత కంపు అంతా తిరిగొచ్చింది. తర్వాత అర్థమైంది ఏంటంటే డ్రైక్లీనింగ్ మందు నూనె మరకల్ని, జిడ్డుని లాగుతుంది గానీ చెమటలో ఉండే ఉప్పుని సరిగ్గా వదిలించలేదు, ఉప్పు కరగాలంటే నీళ్ళే కావాలి కదా. దానికి తోడు ఆ మహానుభావులు దాన్ని బ్లేజర్ అనుకుని ఆవిరి ప్రెస్ కూడా కొట్టేశారు, భుజాల దగ్గర దూది అప్పడంలా అయిపోయింది. దెబ్బ తగిలేది భుజం మీదేనండీ బాబూ, అక్కడ మందం లేకపోతే ఇంక కోటు ఎందుకు?

రెండోసారి ఇంట్లో వేశా. మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నది పైనుంచి బట్టలేసే మెషిన్, మధ్యలో స్తంభం తిరిగే రకం. దాంట్లో పడేస్తే ఆ స్తంభం చుట్టూ చుట్టుకుపోయి, ఒక పక్కకే బరువు పడి, మెషిన్ దెయ్యం పట్టినట్టు ఊగుతూ గోడ నుంచి జానెడు దూరం నడిచొచ్చింది. బయటికి తీస్తే నిలువు కుట్లు నాలుగు తెగాయి. కుట్లు తెగితే లోపలి దూది జారి కింద అంచు దగ్గర ముద్ద కడుతుంది, పైన ఖాళీ సంచి. మా ఊళ్ళో అయితే దూదేకే ఆయన వచ్చి టంగుమని విల్లు మోగిస్తూ పరుపు విప్పి, ఏకి, మళ్ళీ కుట్టిచ్చి పోతాడు, ఇక్కడ ఎవరిని పిలవను? నేనే సూది పట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నా.

అప్పుడు తెలిసింది మా ఇంటికి రెండు మైళ్ళలో ఉన్న ఈ కాయిన్ లాండ్రీ. అక్కడ 60 పౌండ్ల బట్టలు పట్టే మెషిన్లు ఉన్నాయి, ముందు నుంచి తలుపు తీసేవి, మధ్యలో స్తంభం లేదు, బట్టని పైకెత్తి కింద పడేస్తుంది అంతే, మన చాకిరేవులో బండ మీద కొట్టడం కంటే చాలా మర్యాదగా. చల్లనీళ్ళు, డెలికేట్, ఎక్స్‌ట్రా రిన్స్ నొక్కితే ఏడున్నర డాలర్లు. మెషిన్ సగం కూడా నిండదు, అలా ఖాళీ ఉండటమే మంచిది, నీళ్ళు లోపలిదాకా పోయి సబ్బుని బయటికి తేవాలి కాబట్టి. తోలు తాళ్ళు, బకిల్స్ ఊడదీసే వెయ్యండి. తోలు తడిస్తే గట్టిపడుతుంది, ఇనప బకిల్ అయితే తుప్పు మరక పెడుతుంది.

సబ్బు విషయం కొంచెం చెప్పాలి ఎందుకంటే ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. నాది పైన లినెన్, లోపల కాటన్, కాబట్టి ఆటల బట్టలకి అమ్మే ఎంజైమ్ లిక్విడ్ వాడా, చెమటలో, ఒంటి మురికిలో ఉండే ప్రొటీన్‌ని అది కొరికేస్తుంది, కంపు పోతుంది. కానీ మీ కోటు లోపల ఉన్ని ఉంటే అది వాడొద్దు, ఉన్ని కూడా ప్రొటీనే, దాన్నీ కొరుకుతుంది. ఉన్నికి వేడి నీళ్ళు కూడా పడవు, ముడుచుకుని కంబళి ముక్కలా తయారవుతుంది. కొనేటప్పుడు లోపల ఏముందో అడిగి రాసిపెట్టుకోండి, పాలిస్టర్ అంటే త్వరగా ఆరుతుంది గానీ వాసన పట్టుకుని వదలదు, చవక కదా అని నేను మొదటిది అదే కొని తర్వాత ఏడ్చా. సబ్బు సగం మూతే వెయ్యండి, ఎక్కువేస్తే అంత మందంలోంచి బయటికి రాదు, మళ్ళీ వేసుకున్నప్పుడు చెమటకి నురగ వస్తుంది, నిజంగానే వచ్చింది, మా గుంపంతా ఫొటోలు తీసుకున్నారు.

అక్కడ పనిచేసే ఆంటీ ఒకావిడ ఉంది, స్పానిష్ తప్ప ఇంగ్లీషు పెద్దగా మాట్లాడదు. మొదటిరోజు నా కోటు చూసి పరుపా అన్నట్టు చేతులతో అడిగింది, నేను కత్తి తిప్పినట్టు చూపించా, ఇద్దరం నవ్వుకున్నాం. సాఫ్ట్‌నర్ వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది కూడా ఆవిడే. సాఫ్ట్‌నర్ దారాల మీద మైనంలాంటి పూత వేస్తుంది, తర్వాత బట్ట చెమట పీల్చదు, ఆ పూత కిందే మురికి ఉండిపోతుంది. ఇంకో కిటుకు కూడా ఆవిడదే, వాష్ అయ్యాక స్పిన్ ఒక్కటే మళ్ళీ తిప్పమంది. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేస్ తూచే కాటా ఉంటుంది కదా మనందరి ఇళ్ళల్లో, దానికి తగిలించి చూశా, ఒక స్పిన్ తర్వాత 6.8 కిలోలు, రెండో స్పిన్ తర్వాత 5.9. దాదాపు కిలో నీళ్ళు, డాలరున్నరకి.

ఇక కోసిన స్టార్ సంగతి. వాళ్ళ డ్రైయర్లు. బటన్ మీద లో అని ఉంటుంది గానీ లోపల చెయ్యి పెడితే ఇడ్లీ కుక్కర్. మొదటిసారి నమ్మి 40 నిమిషాలు వేస్తే కోటు చేతులు రెండు వేళ్ళ మేర పొట్టి అయిపోయాయి, పైన మాత్రం కరకరలాడుతోంది, చంక దగ్గర నొక్కితే లోపల ఇంకా తడి. మేనేజర్‌కి చెబితే బోర్డు చూపించాడు, బాధ్యత మాది కాదు అని. అప్పట్నుంచి తడికోటు గోనెసంచిలా ఎత్తుకుని ఇంటికే తెచ్చుకుంటున్నా.

నన్నడిగితే ఉతకడం అనేది అసలు పెద్ద సంగతే కాదు, ఆరబెట్టడమే మొత్తం యుద్ధం. కోటు పాడయ్యేది చెమటకి కాదు, లోపల మిగిలిపోయిన తడికి, రెండు రోజులు దాటితే బూజు వాసన మొదలవుతుంది, ఒకసారి బూజు దూదిలోకి దిగితే ఏ సబ్బూ తియ్యలేదు. హ్యాంగర్‌కి తగిలిస్తే నీళ్ళ బరువుకి దూది కిందకి జారుతుంది, భుజాలు సాగుతాయి. అందుకే రెండు బట్టల స్టాండ్లు పక్కపక్కన పెట్టి పరుపులా పరిచి, కింద నుంచి బాక్స్ ఫ్యాన్ పెడతా. ఆరు గంటలకోసారి తిరగెయ్యాలి, ఒకసారి లోపలివైపు బయటికి తిప్పాలి. చంకలు, కాలర్ చివర్లో ఆరతాయి. ఆరిందో లేదో తెలియాలంటే అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు పెట్టి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. నాకు మొత్తం రోజున్నర పడుతుంది. బాల్కనీలో ఎండ భేషుగ్గా ఉంటుంది, కానీ రెయిలింగ్ మీద వేసినందుకు మా లీజింగ్ ఆఫీసు వాళ్ళు తలుపుకి నోటీసు అంటించారు, అమ్మకి చెబితే "ఎండకి కూడా పర్మిషనా" అని నోరు వెళ్ళబెట్టింది.

అన్నిసార్లూ ఉతకొద్దు కూడా. నేను ఏడాదికి మూడుసార్లే లాండ్రీకి తీసుకెళ్తా. మిగతా రోజులకి లోపల పల్చటి లినెన్ చొక్కా వేసుకుంటా, చెమట సగం అదే తాగేస్తుంది, దాన్ని ప్రతివారం ఉతకొచ్చు. ఇంటికి రాగానే కోటు మీద చవక వోడ్కా స్ప్రే కొట్టి ఫ్యాన్ ముందు పెట్టేస్తా. నాటకాల కాస్ట్యూమ్ వాళ్ళ పాత చిట్కా ఇది, ఆల్కహాల్ వాసన పుట్టించే బ్యాక్టీరియాని కొంతవరకు చంపి తను ఆవిరైపోతుంది. ఒకటే చిక్కు, టెక్సస్‌లో ఆదివారం లిక్కర్ షాపులు మూస్తారు, మా ప్రాక్టీసేమో ఆదివారమే, కాబట్టి శనివారమే కొని పెట్టుకోవాలి. కౌంటర్‌లో అబ్బాయి ప్రతినెలా అదే చవక సీసా కొంటుంటే నన్ను జాలిగా చూస్తున్నాడు.

తుప్పు మరకలకి నిమ్మకాయ, ఉప్పు రుద్ది ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టి, తర్వాత బాగా కడిగెయ్యండి. క్లోరిన్ బ్లీచ్ పొరపాటున కూడా పొయ్యొద్దు, తుప్పు మరక ఇంకా గట్టిగా పట్టేస్తుంది.

ఇదంతా మనం కొనుక్కున్న కొత్త కోట్లకే సుమా. 1376లో పోయిన ఇంగ్లండ్ యువరాజు, బ్లాక్ ప్రిన్స్ అనే ఆయన దూది కోటు ఒకటి అక్కడి కాంటర్బరీ చర్చిలో ఇప్పటికీ ఉంది, వందల ఏళ్ళు సమాధి పైనే వేలాడింది. అలాంటి పాతవి గానీ, మన దగ్గర ఒకప్పుడు ఇత్తడి మేకులు కొట్టి కుట్టిన చిల్తా కోట్లు గానీ ఎవరింట్లోనైనా ఉంటే నీళ్ళు, స్ప్రే, ఎండ ఏవీ చూపించకండి, మ్యూజియం వాళ్ళనే అడగండి.

లాండ్రీకి వెళ్ళాలంటే వారం మధ్యలో పొద్దున్నే వెళ్ళండి, శని ఆదివారాలు పెద్ద మెషిన్లు దొరకవు. చిల్లర మెషిన్ సగం రోజులు పనిచెయ్యదు, క్వార్టర్లు, అంటే పావు డాలర్ నాణేలు, ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. మూలనున్న 14వ నంబర్ మెషిన్ స్పిన్ అన్నిటికంటే గట్టిగా తిరుగుతుంది, తలుపు రబ్బరు దగ్గర కొంచెం కారుతుంది, కింద ఆంటీ ఒక నీలం బకెట్ పెట్టి ఉంచుతుంది, అది మాత్రం జరపకండి.