కంకరను తెర మీద గీయాలా, పెన్నుతోనా?

అడ్డంగా 12, నిలువుగా 22, మొత్తం 264 చదరాలు. పై వరుసల్లో బండలు పరిచినట్టు కుదురుగా ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ ఒరుగుతాయి, పక్కవాటిని తోస్తాయి, చివరికి లారీలోంచి గుమ్మరించినట్టు చెల్లాచెదురుగా పడతాయి. జర్మనీలో గియోర్గ్ నేస్ 1960ల చివర్లో కంప్యూటర్‌తో గీయించిన ఈ బొమ్మ పేరు ‘షోటర్’. వాళ్ల భాషలో కంకర అని అర్థం.

తొలినాటి కంప్యూటర్ కళ చరిత్ర తవ్వాలనుకునేవారు ఎంత చదివినా, ఒక బొమ్మనైనా మళ్లీ గీసి చూడాలన్నది నా పట్టుదల. మరి ఎక్కడ గీయాలి? విజయవాడలో నేను మూడు దారులూ తొక్కాను: ఇంట్లో కంప్యూటర్ తెర, ఆటోనగర్‌లో రేడియం స్టిక్కర్లు కోసే యంత్రం, రెండు మోటార్లు కొని సొంతంగా బిగించిన బల్ల ప్లాటర్. ప్లాటర్ అంటే కంప్యూటర్ చెప్పినట్టు పెన్నును కదిలించి కాగితం మీద గీతలు గీసే యంత్రం.

తెర సంగతి త్వరగా తేలిపోతుంది. పైసా ఖర్చు లేదు. చిన్న ప్రోగ్రామ్ రాస్తే చాలు, ఒరుగుదల ఎంత పెంచితే బొమ్మ ఎక్కడ చెడుతుందో క్షణంలో కనిపిస్తుంది. చిక్కల్లా ఆ క్షణంతోనే. గంటలో వంద కంకరలు పుట్టించి, నచ్చినదాన్ని ఏరుకుని, నేస్ కూడా ఇలాగే చేశాడేమో అనుకుంటాం. కానీ ఆయన ప్రోగ్రామ్ ఫలితం పంచ్ టేపు (రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీ) మీదికెక్కి, గ్రాఫోమాట్ జెడ్64 అనే ప్లాటర్ దగ్గరికి వెళ్లి, ఒక్కో గీతగా కాగితం మీదికి దిగేది.

ఇక ఆటోనగర్. లారీల వెనక పేర్లు, నంబర్లు కోసే యంత్రాన్ని ఆ వ్యాపారంలో కటింగ్ ప్లాటర్ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. వీటిలో చాలావాటికి అర్థమయ్యే భాష హ్యూలెట్ ప్యాకర్డ్ 1970లలో తన పెన్ను ప్లాటర్ల కోసం తయారుచేసినదే. అందులో ‘పీయూ’ అంటే పెన్ను ఎత్తు, ‘పీడీ’ అంటే పెన్ను దించు. ఇప్పుడు అక్కడ ఉన్నది బ్లేడు, అయినా యంత్రం దాన్ని పెన్ననే పిలుస్తోంది! ఇది తెలిశాక నేను ఆగలేకపోయాను.

“బ్లేడు తీసి జెల్ పెన్ను పెట్టనిస్తారా అండీ?” అని అడిగితే దుకాణం యజమాని నన్ను ఎగాదిగా చూసి, “పెట్టుకోండి మాస్టారూ, పాడైతే మీ కాగితమే కదా” అన్నారు. పాడైంది కూడా. ప్రతి చదరం మూలలోనూ పిల్లి మీసంలా చిన్న వంకర గీత బయటికి పొడుచుకొచ్చింది. బ్లేడు మొన ఇరుసుకు కాస్త వెనకగా ఈడ్చుకుంటూ వస్తుంది కాబట్టి, మూల దగ్గర యంత్రం కొంచెం ముందుకు వెళ్లి తిరుగుతుంది. పెన్నుకు ఆ సవరణ అక్కర్లేదు. దాన్ని సున్నా చేసి, వేగం తగ్గించాక మీసాలు పోయాయి. తర్వాత రోలర్ల మధ్య కాగితం జారి, కింది వరుసలు పక్కకు తప్పుకున్నాయి. 1959 నాటి కాల్‌కాంప్ 565 డ్రమ్ము ప్లాటర్‌లో కాగితం రెండు అంచులకూ వరసగా రంధ్రాలు ఎందుకు ఉండేవో అప్పుడు బోధపడింది. పళ్లచక్రం పట్టుకున్న కాగితం జారదు.

సొంతంగా బిగించుకున్న ప్లాటర్ నేస్ వాడినదానికి మరింత దగ్గర. గ్రాఫోమాట్‌లో కాగితం కదలదు, బల్ల మీద పరిచిన కాగితంపై పెన్నే తిరుగుతుంది. నాదీ అంతే. కానీ బెల్టులు బిగించడంలో రెండు నెలల ఆదివారాలు కరిగిపోయాయి, ఆ రెండు నెలల్లో నేను నేర్చుకున్నది బెల్టుల గురించే. చేతిపనిలో సరదా ఉన్నవారికి మంచిదే. చరిత్ర కోసమైతే అంత శ్రమ దండగ.

నా ఓటు స్టిక్కర్ల దుకాణానికి. కారణం గీత నాణ్యత కాదు, ఆ అడుక్కోవడం. గ్రాఫోమాట్ కళ కోసం పుట్టినది కాదు, పటాలూ సాంకేతిక చిత్రాలూ గీయడానికి పుట్టింది. తొలితరం కంప్యూటర్ కళాకారుల్లో ఒకడైన మాన్‌ఫ్రెడ్ మోర్ పారిస్‌లో వాతావరణ సంస్థ ప్లాటర్ మీద తన బొమ్మలు గీసుకున్నాడు. యంత్రం ఇంకొకరిది, పని ఇంకేదో, మధ్యలో దొరికిన ఖాళీ మనది. ఇంట్లో కూర్చుంటే ఈ సంగతి అనుభవంలోకి రాదు.

ఒక మినహాయింపు ఉంది. మీరు మళ్లీ గీయాలనుకున్నది మరో తొలితరం కంప్యూటర్ కళాకారుడు మైకేల్ నోల్ బొమ్మ అయితే తెరే సరైనది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో ఆయన 1963లో 100 బిందువులను 99 గీతలతో కలిపిన బొమ్మకు పెన్నే తగల్లేదు. కాథోడ్ గొట్టం (పాత టీవీల్లో ఉండే తెర లాంటిది) మీద మెరిసిన గీతలను కెమెరా ఫిల్ము మీదికి ఎక్కించింది. దాన్ని జెల్ పెన్నుతో గీసి చరిత్ర అంటే తప్పు.

ఆటోనగర్‌కు వెళ్లేవారు మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లండి, అప్పుడు యంత్రం ఖాళీగా ఉంటుంది. పెన్ను బ్లేడు గూటిలో వదులుగా ఊగితే దాని చుట్టూ రెండు చుట్లు టేపు వేయండి. ఫ్యాను ఆపమని మాత్రం అడగకండి. మే నెలలో నేను అడిగాను.