సొల్యూషన్ల లెక్కల యాప్: మూడు స్టార్లే ఇస్తున్నాను

ల్యాబ్‌లో సొల్యూషన్లు కలిపి పెట్టడం నా పని. మూడు నెలలుగా ఆ లెక్కలకి ఫోన్‌లో ఒక యాప్ వాడుతున్నాను. పేరు చెప్పను, ఎందుకో మీకే అర్థమవుతుంది.

పొడులు, స్ఫటికాల విషయంలో మాత్రం దీనికి వంక పెట్టలేను. 250 మి.లీ. 0.1 మొలార్ (లీటరులో ఎన్ని మోల్‌ల పదార్థం ఉందో చెప్పే లెక్క; మోల్ అంటే అణువుల్ని లెక్కపెట్టే కొలత) కాపర్ సల్ఫేట్ కావాలని కొట్టగానే, నీటి అణువులు ఉన్నదా లేనిదా అని అడుగుతుంది. నీలం స్ఫటికాలైతే (అదే మైలుతుత్తం) 6.24 గ్రాములు, తెల్ల పొడి అయితే 3.99. ఉద్యోగంలో చేరిన కొత్తలో సీసా మీద చూసుకోకుండా నీలంది 3.99 గ్రాములే తూచి తిట్లు తిన్నవాణ్ణి. ఆ ప్రశ్న చూసినప్పుడు ప్రాణం లేచొచ్చింది.

అసలు గొడవ యాసిడ్‌తో వచ్చింది. ఒక లీటరు 0.1 మొలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ చేయాలి. సీసా మీద 37 శాతం అని ఉంది, అదే కొట్టాను. 9.85 మి.లీ. తీసుకోమంది, తీసుకున్నాను. 20 మి.లీ. 0.05 మొలార్ సోడియం కార్బొనేట్‌తో సరిచూస్తే, బ్యూరెట్‌లోంచి (గీతలున్న సన్నని గొట్టం) 20 మి.లీ. యాసిడ్ వదిలాక రావాల్సిన ఎండ్ పాయింట్ (చర్య పూర్తయిందని రంగు మారే చోటు) 17 దగ్గరే వచ్చేసింది. బ్యూరెట్ కడిగాను, మళ్లీ చేశాను. మళ్లీ 17. అవతల క్లాసు టైమవుతోంది, ఒకటే టెన్షన్.

చివరికి కాగితం తీశాను. 37 శాతం అంటే 100 గ్రాముల ద్రవంలో 37 గ్రాముల యాసిడ్, 100 మి.లీ.లో కాదు. దాని డెన్సిటీ 1.18. అంటే లీటరు బరువు 1180 గ్రాములు, అందులో యాసిడ్ 436.6. దాన్ని 36.46తో (ఒక మోల్ యాసిడ్ బరువు, గ్రాముల్లో) భాగిస్తే దాదాపు 12 మొలార్. తీసుకోవాల్సింది 8.35 మి.లీ. మాత్రమే. యాప్ డెన్సిటీని 1 అనుకుని 10.15 మొలార్ దగ్గర ఆగిపోయింది. డెన్సిటీ గడి లేకపోలేదు, రెండు పేజీల లోపల ఎక్కడో దాచారు. ఖాళీగా వదిలేస్తే కిక్కురుమనదు. ఇదే 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ అయితే 18.4 మొలార్‌ని 10 అంటుంది!

డెన్సిటీ ఇచ్చాక కూడా ఇంకో తిక్క ఉంది. "8.35 మి.లీ. యాసిడ్‌కి 991.65 మి.లీ. నీళ్లు కలపండి" అని రాస్తుంది. అలా ఎవరు చేస్తారండీ? స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో ముందు కొన్ని నీళ్లు పోసి, వాటిలోకి యాసిడ్ వదిలి, చల్లారాక మార్కు దాకా నింపుతాం. నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్ మీద నీళ్లు కాదు అన్న హెచ్చరిక ఎక్కడా కనపడలేదు.

నార్మాలిటీ (చర్యలో ఒక్కో మోల్ ఎంత పనిచేస్తుందో కలిపి చెప్పే గాఢత లెక్క) బాగానే ఉంది. పర్మాంగనేట్‌కి ఆమ్ల మాధ్యమమా అని అడిగి మరీ మొలారిటీని 5తో గుణిస్తుంది (అక్కడ ఒక్కో పర్మాంగనేట్ 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది).

తీసేయలేదు, పొడులకి ఇంకా వాడుతున్నాను. యాసిడ్ సీసాలన్నిటి మీదా శాతం పక్కనే డెన్సిటీ కూడా మార్కర్‌తో రాసుకున్నాను. ఆ గడిని ముందు పేజీలోకి తెచ్చిన రోజు నాలుగో స్టార్ ఇస్తాను.