ఫోన్లోనే పీసీఓడీ అని తేల్చేసి ప్యాకేజీ అంటగడతారు, జాగ్రత్త (బెంగళూరు)

మారతహళ్ళి, బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగు అమ్మాయిలూ, అక్కలూ, ఇది కాస్త ఓపిగ్గా చదవండి. 'పీరియడ్స్ సమస్యలకు 90 రోజుల్లో శాశ్వత పరిష్కారం' అన్న ప్రకటన ఫోన్లో చూసి నేను 21,600 రూపాయలకు ఒప్పుకున్నాను. డబ్బు పోతే పోయింది. ఆ నాలుగు నెలల్లో నా హిమోగ్లోబిన్ 10 నుంచి 7.1కి పడిపోయింది.

రెండేళ్ళుగా నాకు డేట్ వస్తే తొమ్మిది, పది రోజులు ఆగదు. రెండో రోజు గంటకో ప్యాడ్. పది రూపాయల బిళ్ళంత గడ్డలు. మీటింగ్‌లో లేచే ముందు కుర్చీ వైపు ఒకసారి చూసుకోవడం అలవాటైపోయింది. అమ్మకు చెబితే, "నాకూ అంతే ఉండేదమ్మా, ఓర్చుకోవాలి" అంది. దగ్గర్లోని గైనకాలజిస్ట్ ఐరన్ మాత్రలూ, ఎక్కువగా పోయే రోజుల్లో వేసుకోవడానికి ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలూ రాసి, స్కాన్ చేయించుకుని రమ్మన్నారు. ఆఫీసులో రిలీజ్ అని, ఊళ్ళో పెళ్ళి అని ఆ స్కాన్‌కు నేను వెళ్ళనే లేదు. ఆ తప్పు నాదే.

ఇంతలో ఆ ప్రకటన కింద నంబరు ఇచ్చాను. పది నిమిషాల్లో ఫోన్. కన్నడం కాదు, ఇంగ్లీషు కాదు, చక్కటి తెలుగు. "అక్కా, మాదీ కర్నూలే, మీరేం టెన్షన్ పడకండి" అంది ఆ అమ్మాయి. నిజం చెప్పాలంటే నేను పడిపోయింది అక్కడే. ఈ విషయాలు ఆఫీసులో ఎవరితో చెప్పుకుంటాం? సొంత భాషలో ఎవరో 'అక్కా' అని అడిగేసరికి అన్నీ చెప్పేశాను.

తర్వాత 'సీనియర్ డాక్టర్' వీడియో కాల్. బరువెంత, జుట్టు రాలుతోందా, ముఖం మీద మొటిమలున్నాయా అని అడిగి, పీసీఓడీ (అండాశయాల హార్మోన్ సమస్య) అని తేల్చేశారు. స్కాన్ లేదు, రక్త పరీక్ష లేదు. నాకు డేట్ 24 రోజులకే వస్తుంది, ఎప్పుడూ ఆలస్యం కాదు. పీసీఓడీలో మామూలుగా దీనికి ఉల్టాగా, డేట్ నెలలు దాటిపోతుంటుందని తర్వాత తెలిసింది. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే మాట మార్చారు. ఆవిడ డాక్టరో, డైట్ చెప్పే ఆవిడో నాకు ఇప్పటికీ తెలియదు. మీరైనా పేరు అడిగి, జాతీయ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికాకే మాట్లాడండి.

డబ్బు సంగతి ఇంకా ఘోరం. ఈ రోజే కడితే 32,000ది 21,600కే అన్నారు. 3,600 అప్పుడే పంపాను, మిగతా 18,000 నెలకు 3,000 చొప్పున 'ఈజీ ఇన్‌స్టాల్‌మెంట్' అన్నారు. ఓటీపీ చెప్పేశాను. అది క్లినిక్ ఇచ్చిన వాయిదా కాదు, ఏదో లోన్ యాప్‌లో నా పేరు మీద తీసిన అప్పు! ప్యాకేజీ ఆపేసినా వాయిదా ఆగదు, కట్టకపోతే సిబిల్ దెబ్బతింటుంది. యాప్ లోన్లకు జరిమానా లేకుండా తిరిగి కట్టేసి రద్దు చేసుకునే కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. నాకది గడిచిపోయాక తెలిసింది.

డబ్బాలు వచ్చాయి, మూడు పొడులూ ఒక టీ. లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంది. అంటే చట్టం లెక్కలో అది ఆహార పదార్థం, మందు కాదు. ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్సు నంబరు వేయాలి. (ఆయుర్వేదాన్ని నేనేమీ అనడం లేదు, వీళ్ళు అమ్మింది అదీ కాదు.) అన్నిటికంటే ప్రమాదం వాళ్ళ సలహా. ఇంగ్లీషు మాత్రలన్నీ ఆపేయమన్నారు, ఐరన్‌తో సహా. బ్లీడింగ్ ఇంకా పెరిగిందని మెసేజ్ పెడితే, "మంచిదే అక్కా, చెడు రక్తం బయటికి పోతోంది" అని జవాబు.

నాలుగో నెలలో సిల్క్ బోర్డ్ దగ్గర 500డీ బస్సు కోసం నిలబడి కళ్ళు తిరిగి పడిపోయాను. పక్కనున్న కన్నడ ఆవిడ ఎవరో నీళ్ళు పట్టి, ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర కింద 3 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ (కండర గడ్డ) కనిపించింది. అంత రక్తం పోవడానికి కారణం అది. ఏ పొడితోనూ కరిగేది కాదు. ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. వచ్చే నెల కింది నుంచే కెమెరాతో ఫైబ్రాయిడ్ తీస్తారట, పొట్ట కోయరు, గర్భసంచి ఉంటుంది. ఈ మాట ఎందుకంటే, ఇంట్లో వినగానే మా పెద్దమ్మ "తీయించేసుకో, పీడా పోతుంది" అంది. గర్భసంచి తీసే ఆపరేషన్లలో ఆంధ్ర, తెలంగాణ దేశంలోనే ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. తీసేయమని ఎవరైనా అంటే ఇంకో డాక్టరును కూడా అడగండి. ప్రైవేటుకు డబ్బు లేకపోతే కె.ఆర్. మార్కెట్ దగ్గర ప్రభుత్వ వాణీ విలాస్ ఆసుపత్రి ఉంది.

రిఫండ్ అడిగితే, 'కోర్సు మొదలయ్యాక ఇవ్వం' అన్నారు. ఆడవాళ్ళ నెలసరి లోపాలు సరిచేస్తామని మందులకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం 3వ సెక్షన్ నిషేధిస్తోంది. పొడి ఆహారమని వాళ్ళు తప్పించుకోవచ్చు, కానీ వాట్సాప్‌లో వాళ్ళే దాన్ని 'మందు' అని రాశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, మనం ఉండే చోటే వేయొచ్చు. మీరూ కట్టి ఉంటే చాట్లు, బిల్లు, డబ్బాలు ఏవీ పారేయకండి. కాల్ రికార్డు ఉంటే ఇంకా మంచిది.

క్లినిక్ పేరు ఫిర్యాదు తేలేదాకా ఇక్కడ రాయను, అడగొద్దు. నిన్న వేరే నంబరు నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. "అక్కా, ఎలా ఉన్నారు? రెండో కోర్సు మొదలుపెడదామా?" అని.