ఆల్డ్రోవాండాకు ఏ నీళ్లు మేలు: బోరువా, ఆర్వోవా, వానవా?

ఆల్డ్రోవాండా పురుగులను తినే నీటిమొక్క, దీనికి వేళ్లుండవు. నీటిలో తేలుతూ, కొన్ని మిల్లీమీటర్ల బోనులతో డాఫ్నియా లాంటి సన్నపురుగులను పట్టుకుని బతుకుతుంది. మన చెరువుల్లో పసుపు పూలు పూసే యుట్రిక్యులేరియా ఆరియాకూ వేళ్లు లేవు. అందుకే వీటికి నీళ్లు కుదరకపోతే ఇంకేం చేసినా లాభం లేదు.

బోరు నీళ్లు వద్దే వద్దు. ఉప్పు ఎక్కువనే కాదు, అసలు చిక్కు కార్బన్‌తో. ఈ మొక్కలు నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రమే తీసుకోగలవు, నీటిలో కార్బన్‌కున్న మరో రూపమైన బైకార్బనేట్‌ను వాడుకోలేవు. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 6.3 దగ్గర ఆ రెండూ సగం సగం ఉంటాయి. 8.3కు చేరితే కార్బన్ డయాక్సైడ్ నూటికి ఒక వంతే. బైకార్బనేట్‌తోనూ బతకగల నాచు ఆ నీళ్లలో ఏపుగా అల్లుకుంటుంది, మన మొక్క దాని కింద నల్లబడిపోతుంది. నీటి గట్టిదనం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టినా ఫలితం ఉండదు. అది కాల్షియం తీసి సోడియం పెడుతుందంతే, బైకార్బనేట్ అలాగే ఉంటుంది.

ఆర్వో నీళ్లు మంచివే, కానీ నీటిలో కరిగిన ఖనిజాలను కొలిచే టీడీఎస్ మీటరుతో చూసుకోవాలి. తాగడానికి రుచిగా ఉండాలని చాలా యంత్రాలు కొంత ఖనిజం తిరిగి కలుపుతాయి. తాగేనీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకూ పరవాలేదంటుంది భారత ప్రమాణం. ఈ మొక్కల దగ్గర ఆ లెక్క పనికిరాదు, 50 దాటకపోతే నిశ్చింత.

నా ఓటు వాననీళ్లకే. తొలకరిలో డాబా మీది దుమ్మంతా కొట్టుకుపోయాక, శుభ్రమైన ప్లాస్టిక్ డ్రమ్ములో పట్టుకోండి. సిమెంటు తొట్టి వద్దు, సున్నం దిగి పీహెచ్ పెరుగుతుంది. దోమలు గుడ్లు పెట్టకుండా డ్రమ్ముకు సన్నవల కట్టడం తప్పనిసరి.

అయితే వాననీళ్లయినా ఆర్వో అయినా ఉత్తగా పోస్తే మొక్క ఎదగదు. అడుగున కుళ్లుతూ కార్బన్ డయాక్సైడ్ వదిలే ఎండుగడ్డి కావాలి. చెక్ దేశంలో త్రెబోన్ దగ్గర ఈ మొక్కలను ఏళ్లుగా పెంచుతున్న వృక్షశాస్త్రవేత్త లుబోమీర్ ఆడమెత్స్ వాడేది కారెక్స్ అనే తుంగజాతి ఎండుటాకులు. మన చెరువుగట్ల తుంగ కూడా ఆ కుటుంబానిదే. గోధుమరంగుకు తిరిగి పూర్తిగా ఎండినదే కోయండి. పచ్చిది వేస్తే పోషకాలన్నీ ఒక్కసారిగా దిగి నాచు పుడుతుంది. కడిగి, కొన్నాళ్లు విడిగా నానబెట్టి, ఆ మొదటి నీళ్లు పారబోసి తొట్టిలో వేస్తే నీరు పలచని టీ రంగుకు వస్తుంది. పీహెచ్ 6 చుట్టూ నిలిస్తే మొక్కను అందులో వదలొచ్చు.

పీట్ మాస్ (బురదనేలల్లో సగం కుళ్లి పేరుకున్న మొక్కల పొడి) కూడా పనిచేస్తుంది, ఖరీదే ఎక్కువ. చవకని కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) మాత్రం తేవద్దు. అందులో ఉప్పు ఎంత కడిగినా పూర్తిగా పోయిందని నమ్మలేం. బాదం ఆకు రంగునూ కొంత ఆమ్లాన్నీ ఇస్తుంది గానీ, తుంగకు బదులు కాదు.

ఎండాకాలంలో నీరు ఆవిరైపోతే తొట్టిలో ఉన్న ఉప్పు చిక్కబడుతుంది. అప్పుడు దాచిన వాననీళ్లు లేకపోతే ఆర్వో నీళ్లతో నింపండి. ఆ నాలుగు రోజులకేగా అని కుళాయి తిప్పొద్దు.