సుకుబాలో కాలిబాటలే అసలు ఆకర్షణ

జపాన్‌లోని సుకుబా సైన్స్ సిటీకి వెళ్తున్నానంటే టోక్యోలో ఉండే స్నేహితుడు "ల్యాబులు తప్ప అక్కడేముంది?" అన్నాడు. ఒక్క పూట చుట్టి వచ్చేవాళ్లకు ఆ మాట నిజమే. అక్కడ రీసెర్చ్ చేస్తున్న మా పిన్ని కొడుకు ఇంట్లో కొన్నాళ్లు ఉండి, కూరగాయలకూ పార్కుకూ తిరిగితే మాత్రం ఊరు నచ్చడం మొదలవుతుంది.

టోక్యో అకిహబారా నుంచి సుకుబా ఎక్స్‌ప్రెస్ అనే రైలు లైన్‌లో ర్యాపిడ్ బండి ఎక్కితే 45 నిమిషాలు. టికెట్ వెయ్యి యెన్‌లు దాటుతుంది, రోజూ తిరిగేవాళ్లకు భారమే. 2005లో ఈ లైన్ మొదలైంది. అంతకుముందు పక్క ఊళ్లో రైలు దిగి బస్సు పట్టుకోవడమో, టోక్యో నుంచే హైవే బస్సు ఎక్కడమో చేసేవాళ్లు. ఈ లైన్‌లో ఒక తమాషా ఉంది. మోరియా స్టేషన్ దాటాక రైలు ఒకే దిశలో పారే డీసీ కరెంటు వదిలి, దిశ మారుతూ పారే ఏసీ కరెంటుకు మారుతుంది. దగ్గర్లో కకియోకా అనే చోట భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే అబ్జర్వేటరీ ఉంది. పట్టాల నుంచి నేలలోకి పోయే డీసీ కరెంటు ఆ కొలతలను పాడుచేస్తుందట. పరికరాల కోసం రైలే సర్దుకుంది!

ఇరుకైపోయిన టోక్యో నుంచి ప్రభుత్వ పరిశోధన సంస్థలను ఇక్కడికి తరలించాలని 1963లో నిర్ణయించారు. పొలాలు, పైన్ చెట్ల తోపులు ఉన్న నేల ఇది. ఆ చెట్లు ఆఫీసుల మధ్య ఇప్పటికీ చాలాచోట్ల నిలబడి ఉన్నాయి. అయితే ఊరి ప్రాణమంతా నడకదారుల్లో ఉంది. ఉత్తరాన యూనివర్సిటీ నుంచి దక్షిణాన అకాత్సుకా పార్కు దాకా, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ మాత్రమే ఒక బాట వేశారు. పెద్ద రోడ్డు అడ్డొస్తే వంతెన మీదుగా దాటిపోతుంది. "బావగారూ, పిల్లాడు స్కూలుకు ఒక్కడే వెళ్లిపోతాడు. దారిలో కార్లుండే రోడ్డు దాటే పనే లేదు" అంది మా మరదలు. ఇక్కడి స్పేస్ సెంటర్‌లో చూసిన ఏ రాకెట్టూ నాకు ఇంత గొప్పగా అనిపించలేదు. నవంబరు చివర్లో జింకో చెట్ల ఆకులు పసుపు రంగులో పండి రాలుతుంటే దోహో పార్కు చెరువులో బాతులు ఈదుతున్నాయి. బెంచీ మీద ఒకాయన ఒళ్లో కాగితాలు పెట్టుకుని ఏవో సమీకరణాలు కొట్టేస్తూ కూర్చున్నాడు. లోపం లేకపోలేదు. యాభై ఏళ్ల నాటి చెట్ల వేళ్లు పైకి తన్ని పలకలు లేచిపోయిన చోట పిల్లల తోపుడు బండి ఇరుక్కుంటుంది.

జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా వాళ్ల స్పేస్ సెంటర్‌కు తప్పక వెళ్లండి. పక్కకు పడుకోబెట్టిన 50 మీటర్ల హెచ్-2 రాకెట్ పక్కనే నడవొచ్చు, స్పేస్ డోమ్ ప్రదర్శనకు టికెట్ లేదు. బొటానికల్ గార్డెన్ కూడా బాగుంది, సోమవారాలు మూసేస్తారు.

హోటల్ విషయానికొస్తే, స్టేషన్ దగ్గరి బిజినెస్ హోటల్లో గది చిన్నదైనా శుభ్రంగా ఉంది, అన్నీ నడక దూరంలోనే. సుకుబా కొండ వాలు మీద వేడినీటి స్నానాలుండే హోటల్లో ఒక రాత్రి గడిపాం. ఖరీదు ఎక్కువే. కిటికీలోంచి మైదానమంతా దీపాలు కనిపిస్తుంటే ఆ బాధ తెలియలేదు. కొండ ఎత్తు 877 మీటర్లే. కేబుల్ కార్ ఉంది కానీ, ఆకులు రంగు మారే కాలంలో సెలవు రోజు వెళ్తే క్యూలోనే సగం పూట పోతుంది.

ఇక చిక్కంతా సెంటర్ దాటాకే. ఊరిని కార్లకు అనువుగా వెడల్పు రోడ్లతో గీశారు. పెద్ద షాపులన్నీ పార్కింగ్ స్థలాల మధ్య విసిరేసినట్టు ఉంటాయి. చీకటి పడ్డాక సిటీ బస్సు తప్పిపోతే టెన్షనే, తర్వాతిది ఎప్పుడో వస్తుంది. రాత్రి ఎనిమిదికే వీధుల్లో మనిషి కనపడడు. ఖాళీ చేసిన పాత ప్రభుత్వ క్వార్టర్లు కొన్నిచోట్ల పగలు చూసినా దిగులు పుట్టిస్తాయి. వాటిని కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు.

కాపురం పెట్టే ఆలోచన ఉంటే అద్దె ఎక్కువైనా స్టేషన్‌కు నడిచే దూరంలో ఇల్లు చూసుకోండి. దూరంగా అయితే కారు తప్పదు. మన దేశంలో తీసుకున్న ఇంటర్నేషనల్ పర్మిట్ ఏడాది వరకే పనిచేస్తుంది. ఆ తర్వాత జపాన్ లైసెన్సుకు మారాలంటే రాతపరీక్షా, డ్రైవింగ్ టెస్టూ పాసవ్వాలి. ఆ టెస్టు మొదటిసారే గట్టెక్కినవాళ్లు మా తమ్ముడి స్నేహితుల్లో ఒక్కరూ లేరట, అందులో ఇద్దరు డాక్టరేట్లు!